నెత్తుట్లో సున్నం

మొన్న పొద్దున దవాఖాన గడప కడుగుతుంటే పోస్టుమ్యాన్ వచ్చి కార్డు చేతికిచ్చాడు.

"డాక్టరు సాబుకు గాదు పోశవ్వా, నీకే వచ్చింది. చదివి పెట్టాల్నా?"

"వద్దు. నాకొస్తది."

"అబ్బో, కలెక్టరమ్మ!" అని నవ్వుకుంటూ సైకిలెక్కి పోయాడు.

తడి చేతులు కొంగుకు తుడుచుకొని, గడప మీదే కూర్చొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. మా పాత డాక్టరు సారు బోథ్‌లో పోయారు. దినాలు కూడా అయిపోయాయి. ఆయన భార్య ఎవరితోనో రాయించింది. "మీ పేరు అప్పుడప్పుడు తలిచేవారు" అని చివర ఒక మాట. అంతే. నా బతుకులో నేను సొంతంగా చదువుకున్న మొదటి చావు కబురు అది. చదవడం నేర్పింది కూడా ఆ పోయిన మనిషే.

మా దవాఖాన మందమర్రికి కోసు దూరంలో ఉంటుంది. పశువుల దవాఖాన. రెండు గదులు, ముందర రేకుల కొట్టం. ఉర్దూ బోర్డు పీకి తెలుగు బోర్డు కొట్టిన మరుసటేడు సారు వచ్చారు. ఆరేళ్లున్నారు. పొట్టి మనిషి. పొట్టి చేతుల ఖాకీ అంగీ. కుడిచేతి వేళ్లు ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి. అల్లనేరేడు పండ్లు తింటాడని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు. అది మందు మరక.

ఆయనను తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ఆయన నిలబడే తీరు. కిటికీ దగ్గర, ఒక కన్ను మూసి, కింది పెదవి పంటితో పట్టుకొని, గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తుండేవారు. రంజాన్‌కు నెలవంకను వెతికే మనిషి అట్లా నిలబడతాడు. అప్పుడు పిలిస్తే పలికేవారు కాదు. బర్రె ఈనలేక మొత్తుకుంటే మాత్రం గొట్టం కింద పెట్టి ఉరికేవారు.

పొద్దంతా ఎడ్లు, బర్రెలు, మేకలు. గొంతువాపు సూదులు, గిట్టల పుండ్లు. అది సర్కారు పని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయన సొంత పని మొదలయ్యేది. అది కుక్కల పని. ఏ ఊరు పోయినా, ఏ అంగడికి పోయినా ఒకటే మాట చెప్పి వచ్చేవారు: "గడ్డ లేసిన కుక్క కనవడితే నా దగ్గరికి తీస్కరండ్రి." మెడ కింద గడ్డలు, పొదుగు దగ్గర గడ్డలు, ఎముక మీద గడ్డలు. పుట్టకురుపు అనేవాళ్లు ఊళ్లో. ఆయన క్యాన్సర్ అనేవారు. ఆ కుక్కల నెత్తురు తీసి, అందులో సున్నం ఎంతుందో, ఇనుము ఎంతుందో చూసేవారు. ఇనుముకు, రాగికి మా దగ్గర సామాన్లు లేవు. వాటికి పట్నంలోని పెద్ద పశువుల కాలేజీకి సీసాలు పంపేవారు. సున్నం మాత్రం ఇక్కడే చూసేవారు. సామానంతా ఆయన సొంతంగా తెచ్చుకున్నదే.

కుక్కకు సూది పెట్టేముందు దాని చెవి దగ్గరికి వంగి, మెల్లగా, "మాఫ్ చెయ్యి" అనేవారు. ప్రతి కుక్కకూ అనేవారు. బర్రెకు ఎన్నడూ అనలేదు. నేను ఒకసారి అడిగాను.

"బర్రెకు ఎందుకు చెప్పరు సారూ? దానికి నొయ్యదా?"

"నొస్తది. కని బర్రెకు మన మీద నమ్మకం లేదు పోశవ్వా. అది మనల్ని జూస్తెనే తన్నుతది. కుక్క సూది జూసి గూడ తోక ఊపుతది. నమ్మినోళ్లనే మాఫీ అడగాలె."

తీసిన నెత్తురు కాసేపు గొట్టంలో ఉంచితే గడ్డకట్టి, పైన పసుపుపచ్చని నీరు తేలుతుంది. ఆ నీటిలోనే ఉంటుందట ఆయనకు కావలసిందంతా. బల్లకు బిగించిన చేతితో తిప్పే యంత్రం ఒకటి ఉండేది. దాన్ని తిప్పడం నా పని. "తేజ్... తేజ్... ఇగ బస్" అనేవారు. తర్వాత ఏదో మందు కలిపితే అడుగున తెల్లగా, మీగడ విరిగినట్టు పేరుకునేది. అదే సున్నం. దాన్ని కడిగి, వేడిచేసి, పైనుంచి ఊదారంగు నీళ్లు చుక్క చుక్కగా వదిలేవారు. చుక్క పడగానే రంగు మాయమయ్యేది. ఎక్కడ రంగు మాయం కాకుండా గులాబీ పువ్వులా నిలిచిపోతుందో అక్కడ ఆపాలి. ఎన్ని చుక్కలు తాగితే అంత సున్నం. ఆయన ఉర్దూలో చదువుకున్న మనిషి, చుక్కలు ఉర్దూలోనే లెక్కపెట్టేవారు. ఏక్, దో, తీన్. అది నాకు జోలపాటలా ఉండేది. ఆ చుక్కలను ఏదో కూడి, ఏదో భాగించి ఒక అంకె వేసేవారు. పది, పదకొండు దాకా వస్తే కుక్కకు మామూలు. పన్నెండు దాటితే తల ఊపేవారు.

"ఎముకల నుంచి కరిగి నెత్తుట్లకు వస్తది పోశవ్వా. గడ్డ పిలుస్తది, సున్నం పోతది" అని చెప్పారు నాకు. ఆ మాట విని ఆ రాత్రి నా ఎముకలు నేనే తడుముకున్నాను.

ఊళ్లో నవ్వుకునేవాళ్లు. అంగట్లో పాన్‌డబ్బా వాడు ఒకరోజు అందరి ముందూ అన్నాడు: "డాక్టరు సాబ్, నా సున్నం డబ్బ నిండుకున్నది. మీ కుక్కలల్ల తీసింది జర ఉంటే ఇయ్యుండ్రి."

సారు నవ్వలేదు. "నీ నెత్తుట్ల గూడ ఉన్నది. సూది తేవాల్నా?" అన్నారు. వాడు చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వాడి పేరు సున్నం సాయిలు అయింది గాని, సారుకు ఏ పేరూ అంటుకోలేదు.

ఆయనకు ఒక చెడ్డపేరు మాత్రం ఉండేది. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పడం. గని ఆఫీసరు బంగ్లా నుంచి ఒకమ్మ బొచ్చుకుక్కను జీపులో తెచ్చింది. పొదుగు దగ్గర గడ్డ పగిలింది. కోస్తా నుంచి వచ్చిన మనిషి ఆమె.

"బతుకుతుంది కదండీ డాక్టరు గారూ?"

"బతకది."

"కాస్త మెల్లగా చెప్పొచ్చు కదండీ."

"మెల్లగ చెప్తే బతుకుతదా అమ్మా?"

ఆమె ఏడ్చుకుంటూ పోయింది. పైకి అర్జీ పోయింది. ఆయనకు జవాబు చెప్పుకొమ్మని కాగితం వచ్చింది. ఆ కాగితం జేబులో పెట్టుకొనే ఆయన రోజూ ఆ బంగ్లాకు నడిచి పోయి, ఆ కుక్క పుండు కడిగి, కట్టు కట్టి వచ్చారు, అది చచ్చిపోయేదాకా. చివరికి ఆ అమ్మ ఆయనకు చాయ్ ఇచ్చిందట. తాగి వచ్చారు.

నేను మందలించినట్టే అన్నాను. "గట్ల ముక్కు మీద గుద్దినట్టు చెప్పకపోతేంది సారూ? జర తీపి మాట చెప్తే ఏం పోతది?"

"అబద్ధం కుక్కకు పనికిరాదు పోశవ్వా. దానికి మన మాట రాదు. అబద్ధమంటూ చెప్తే మనుషుల కోసమే చెప్పాలె. నేను మనుషుల డాక్టర్ను గాను."

ఈ మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

నేను ఈ దవాఖానకు వచ్చింది నా పెనిమిటి జ్వరమొచ్చి పోయిన ఏడాది. ఊడ్వడం, కడగడం, యంత్రం తిప్పడం. గాజు గొట్టాలు మాత్రం మొదట్లో సారు నన్ను ముట్టనిచ్చేవారు కాదు. ఘాటు మందులో నానబెట్టి, ఆవిరిగా పట్టి చల్లార్చిన శుద్ధి నీళ్లతో మూడుసార్లు తొలిచి, బోర్లించేవారు. ఒక వానకాలం గాలికుంటు బాగా లేచి, ఊళ్లు తిరగడం ఎక్కువై, ఆ పని నాకు అప్పజెప్పారు. ఎట్లా చెయ్యాలో మూడుసార్లు చూపించారు. చూపించినట్టే చేశాను. చేసి, దాని మీద ఇంకొకటి చేశాను.

మా ఇళ్లలో బూడిద పెట్టి తోమని గిన్నె కడిగిన గిన్నె కాదు. నీళ్లతో తొలిస్తే ఎంగిలి పోతుందా? అది కూడా కుక్క నెత్తురు పట్టిన గాజు, సారు చేత్తో ముట్టేది, ఒక్కోసారి నోటితో పీల్చే గొట్టాలు. నాకు మనసొప్పలేదు. ఆయన నీళ్లతో తొలిచే పద్ధతి మగవాళ్ల పద్ధతి అనుకున్నాను. ఇంటి నుంచి పిడకల బూడిద తెచ్చి, పాత చీర గుడ్డలో జల్లించి, మైదాపిండిలా మెత్తగా చేసి, చీపురుపుల్లకు గుడ్డ చుట్టి, ఒక్కొక్క గొట్టాన్ని లోపల తోమేదాన్ని. తర్వాత బావినీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి, ఎండకు పెట్టేదాన్ని. ఎట్లా మెరిసేవని! సారు కూడా చూసి, "మంచిగ మెరుస్తున్నయ్" అన్నారు. ఆ మాటకు నేను ఇంకా గట్టిగా తోమాను.

ఆ వానకాలం నుంచే ఆయనలో ఒక హుషారు వచ్చింది. వచ్చిన ప్రతి గడ్డకుక్క నెత్తుట్లో సున్నం పదమూడు, పద్నాలుగు. వరుసగా. లెక్కపెడుతుంటే గొంతు మారిపోయేది. ఒకరోజు గులాబీ రంగు నిలిచిన గొట్టాన్ని నాకు చూపించి, "దొరికింది పోశవ్వా! గీ సున్నం జూస్తె గడ్డ మంచిదో చెడ్డదో ముందుగాలనే చెప్పొచ్చు. కోసి చూసే పన్లే" అన్నారు. ఆరేళ్లలో ఆయన నవ్వడం నేను చూసింది ఆ రోజే. కింది పళ్లలో ఒకటి విరిగి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

దసరా దాటాక ఎల్లవ్వ వచ్చింది. రెండు కోసుల అవతలి పల్లె. ముసలామె, వెనకాముందు ఎవరూ లేరు. ఇరవై మేకలు, ఒక కుక్క. కుక్క పేరు మోతి. తెల్లటి మగకుక్క, చెవి చివర తోడేలు కొరికిన గాటు. అది లేకుంటే అడవి అంచున మేకలను ఆమె ఒక్కతే కాయలేదు. దాన్ని ఎత్తుకొని వచ్చింది. దాని మెడ కింద రెండు పక్కలా నిమ్మకాయలంత గడ్డలు. వారం నుంచి తినడం లేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి.

"ఏం రోగం బాంచెన్?" అంది.

"నెత్తురు జూసి చెప్త అవ్వా. రెండు తీర్ల గావచ్చు. గోమార్లు కుట్టి జ్వరమొచ్చినా గడ్డలు గిట్లనే లేస్తయ్, అదైతే సూదులతోని బతుకుతది. రెండోది పుట్టకురుపు, అదైతే బతకది."

చెవి దగ్గరికి వంగి మాఫీ అడిగి నెత్తురు తీశారు. ఒక గొట్టంలో మాకు, ఒక సీసాలో పట్నానికి. ఆ సీసాలు పట్నం నుంచే కడిగి మూత బిగించి వచ్చేవి. నేను యంత్రం తిప్పాను. ఆయన చుక్కలు వదిలారు. గ్యారా, బారా, తేరా... అంకె వేస్తే పద్నాలుగు దాటింది.

ఎల్లవ్వ కొట్టంలో కుక్క తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. సారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"రెండోదే అవ్వా. బతకది. ఇగ నొప్పి మోపైతది. ఆకలి సచ్చిపోతది, నీళ్లు గూడ దిగయ్. నువ్వు సరేనంటె ఇప్పుడే నిద్ర సూది వేస్త. నొప్పి తెల్వకుండ పోతది."

"పట్నం పోయిన సీస అచ్చెదాక ఆగొద్దా?"

"ఇరవై దినాలు పడుతది. అప్పటిదాక ఇది గోసపడుతది."

ఎల్లవ్వ మోతి చెవి గాటును వేలితో నిమిరింది. తర్వాత నా వైపు చూసింది. "ఏమే బిడ్డా, ఏమంటవ్?"

"సారు అబద్ధమాడడు అవ్వా" అన్నాను. అన్నది నేనే.

"గట్లయితె వెయ్యి బాంచెన్" అంది.

మోతి తోక ఊపుతూనే పోయింది.

ఆ నెలలోనే సారు ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద తీర్చి రాసి కాలేజీకి పంపాలనుకున్నారు. దానికి ఒక మంచి కుక్క నెత్తురు కూడా కావాలన్నారు, పోల్చి చూపడానికి. దవాఖాన మెట్ల మీద పడుకునే ఎర్రకుక్క ఉండేది. దానికి ఏ రోగమూ లేదు, నా చేతి గటక తిని దుక్కలా ఉండేది. దాని నెత్తురు తీశారు. చుక్కలు లెక్కపెట్టారు. పదమూడున్నర వచ్చింది. మళ్లీ తీశారు. పద్నాలుగు. ఎర్రకుక్క బయట ఈగలను పట్టుకుంటూ ఆడుతోంది.

ఆయన బోర్లించిన గొట్టాల్లోంచి ఒకటి తీసుకొని, అందులో నెత్తురు లేకుండా, ఉత్త ఆవిరి నీళ్లు పోసి, మందు కలిపారు. నన్ను యంత్రం తిప్పమన్నారు. తిప్పాను. అడుగున తెల్లగా పేరుకుంది. నీళ్లలో సున్నం ఎక్కడిది?

"పోశవ్వా, గీ గొట్టం ఎవలు కడిగిండ్రు?"

"నేనే సారూ."

"ఎట్ల?"

మెచ్చుకుంటారనుకొని, ఉరికి, బూడిద డబ్బా తెచ్చి చూపించాను. "సూడుండ్రి, మెత్తగ జల్లించిన. గరుకు లేకుంట."

ఆయన చిటికెడు తీసుకొని వేళ్ల మధ్య నలిపి చూశారు. కొత్త గొట్టంలో వేసి పరీక్ష చేశారు. అడుగంతా తెల్లగా గడ్డకట్టింది. స్టూలు మీద కూర్చున్నారు. తిడతారని చూశాను. తిట్టలేదు.

"బూడిదల సున్నముంటది పోశవ్వా. బావినీళ్లల్ల గూడ ఉంటది." అంతే అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే. "మోతి?"

ఆయన బూడిద డబ్బాకు మూత పెట్టారు. తర్వాత, "పట్నం పోయిన సీస వాళ్లు కడిగింది గద. అండ్ల సున్నం గూడ చూడుమని ఇయ్యాలనే రాస్త. జవాబు రానీ" అన్నారు.

ఆ సాయంత్రం పుస్తకం ముందర పెట్టుకొని, వానకాలం నుంచి రాసిన ప్రతి అంకె మీదా ఒక గీత గీశారు. నేను తట్టుకోలేక, "చింపేయుండ్రి సారూ" అన్నాను.

"చింపితే తప్పు ఏడికి పోతది? ఉండనీ."

నన్ను పనిలోంచి తీసేయలేదు. మరునాడు మామూలుగానే యంత్రం తిప్పమన్నారు. కాని నా చేతులకు ఏదో అయింది. గొట్టం పట్టుకుంటే వేళ్లు వణికేవి. రెండు పగలగొట్టాను. ఇంట్లో గిన్నె తోమబోయి, బూడిద చూసి పక్కన పెట్టేసేదాన్ని. మా పోచమ్మకు మొక్కుకున్నాను. ఏమని? మోతి నెత్తుట్లో సున్నం ఎక్కువ ఉండాలని. చచ్చిన కుక్కకు నిజంగా చావురోగమే ఉండాలని. అట్లాంటి మొక్కు ఎవరైనా మొక్కుతారా? నేను మొక్కాను.

ఇరవై రోజులు దాటాక పట్నం నుంచి కవరు వచ్చింది. సారు చించి, కిటికీ దగ్గర నా వైపు వీపు పెట్టి చదివారు. చిన్న చీటీ. చాలాసేపు చదివారు. కవరు బల్ల మీద పెట్టి, పోయి చేతులు కడుక్కున్నారు. ఆ పొద్దు ఇంకా ఏ పశువునూ ముట్టలేదు ఆయన.

"ఎక్కువనే ఉన్నది పోశవ్వా" అన్నారు తిరిగొచ్చి. "మనకొచ్చినంత గాదు గని, ఎక్కువనే. మోతి బతికేది గాదు. నీ బూడిదకు, దానికి ఏం సంబంధం లేదు."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సంతోషానికి ఏడ్చాను. ఆయన మళ్లీ పోయి చేతులు కడుక్కున్నారు. ఆ సాయంత్రమే పోచమ్మకు కొబ్బరికాయ కొట్టాను. ఇంటికి వచ్చి, ఉన్న గిన్నెలన్నీ ముందరేసుకొని తోముకున్నాను.

తర్వాతి వారం ఆయన సీసాలకు తెలుగులో చీటీలు అంటించి, నన్ను ముందు కూర్చోబెట్టుకున్నారు. "ఇగ నువ్వు చూసి కాదు, చదివి కడగాలె" అన్నారు. అప్పటికి నాకు నలభై దగ్గరపడ్డాయి. పలక మీద అ, ఆ దిద్దలేదు నేను. 'ఆవిరి నీళ్లు', 'బావి నీళ్లు', 'ముట్టవద్దు'. ఇవీ నా మొదటి పాఠాలు. మందు సీసాల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడా కొన్ని గుర్తుపట్టడం నేర్పారు. సున్నానికి రెండక్షరాలు, ఒకటి కొడవలి లాగా, ఒకటి ఉల్లిగడ్డకు తోక పెట్టినట్టు. అంకెలు, అంకెల మధ్య చుక్క ఎందుకు పెడతారో కూడా చెప్పారు. నేను తప్పు చదివితే నవ్వేవారు కాదు. ఒప్పు చదివితే మెచ్చుకునేవారూ కాదు. "ఇంకోటి" అనేవారు.

ఇంకొక అలవాటు కూడా అప్పుడే మొదలైంది. రోజూ కుక్క నెత్తురుకు ముందు ఒక ఖాళీ గొట్టంలో ఉత్త నీళ్లు పోసి చూసేవారు. ముందు మన చేతులు చూసుకోవాలె, తర్వాత కుక్కను చూడాలె అనేవారు. ఆ తర్వాత వచ్చిన గడ్డకుక్కల్లో కొన్నింటికే సున్నం ఎక్కువ వచ్చింది. చాలావాటికి మామూలుగానే ఉంది. కాలేజీకి కాగితం పంపనే లేదు.

బోథ్‌కు బదిలీ అయినప్పుడు సామాను కట్టుకున్నారు గాని, పుస్తకాలు బీరువాలోనే ఉంచారు. తాళంచెవి నాకిచ్చారు. "ఇవి దవాఖానవి. బూజు పట్టనియ్యకు."

"నేను చూడొచ్చా సారూ?"

ఆయన చెవి గోక్కున్నారు. "నీకిప్పుడు చదువొస్తది గద" అన్నారు. అది అవునో కాదో నాకు తెలియలేదు.

ఇన్నేళ్లలో వారం వారం దుమ్ము దులిపాను, తెరవలేదు. అంతా ఇంగ్లీషే కదా అనుకున్నాను. మొన్న కార్డు చదివాక మాత్రం ఆయన చేతిరాత చూడాలనిపించింది. దానికే తెరిచాను. ఇంకే అనుమానంతోనూ కాదు.

కుక్కల పేర్లు మాత్రం తెలుగులో రాశారు. ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోయాను. గీతలు కొట్టిన పేజీలు వచ్చాయి. 'మోతి, ఎల్లవ్వ'. పద్నాలుగు మీద గీత. ఎదుటి పేజీలో పట్నం చీటీ అంటించి ఉంది. కొడవలి అక్షరం, తోక ఉల్లిగడ్డ అక్షరం. దాని ఎదురుగా పది, చుక్క, రెండు.

పది అంటే మామూలు.

మళ్లీ చదివాను. వేలు పెట్టి చదివాను. ప్రతి అంకె కింద ఏదో ఒకటి రాసే మనిషి ఆ చీటీ కింద ఏమీ రాయలేదు.

మరునాడు సెలవు పెట్టి ఎల్లవ్వ పల్లెకు నడిచాను. ఏనాడూ అబద్ధమాడని మనిషి నా కోసం ఒక అబద్ధం ఆడారు. అది నన్ను తినేస్తోంది. దానికంటే ఎక్కువ, ఎల్లవ్వ ముందు "సారు అబద్ధమాడడు" అన్నది నేను. ఆమెకు నిజం చెప్పాల్సింది ఇక నేనే. అంగట్లో కనబడినప్పుడల్లా ఆ ముసలామె నా తల నిమిరేది. ఆ చెయ్యి గుర్తొచ్చి దారిలో రెండుసార్లు వెనక్కు తిరిగాను.

ఆమె గుడిసె ముందు చెంబు తోముతోంది. చూపు బాగా తగ్గింది. పక్కన ఒక నల్లకుక్క తల ఎత్తి గుర్రుమంది.

"ఎవ్వలు?"

"నేనవ్వా, దవాఖాన పోశవ్వను. సారు పోయిండు."

ఆమె చేతులు ఆగాయి. కాసేపటికి మళ్లీ తోమడం మొదలుపెట్టింది. నేను నిలబడే చెప్పేశాను. బూడిద, గొట్టం, పట్నం చీటీ, పది చుక్క రెండు. "మోతి నెత్తుట్ల సున్నం ఎక్కువ లేకుండె అవ్వా. నా చేతుల మన్నువడ."

"నాకెర్కనే బిడ్డా."

"ఏం ఎర్క?"

"గదంత. గా కాయితమొచ్చిన తెల్లారే సారు నడుసుకుంట వచ్చిండు. మంచమేస్తె కూసోలే. నేల మీద కూసున్నడు. నా చెవి కాడికి వంగి, 'మాఫ్ చెయ్యి అవ్వా' అన్నడు. మోతి బతికేదో ఏమో, సీస వచ్చెదాక ఆగకుంట నేనే జల్ది జేసిన అన్నడు."

"నా బూడిద సంగతి..."

"గది గూడ చెప్పిండు. 'పోశవ్వకు చెప్పకు. దానికి గిన్నె పట్టుకుంటె చేతులు వణుకుతున్నయ్. చేతులతోని బతికే మనిషి, చేతులు ఆగిపోతె ఎట్ల బతుకుతది' అన్నడు."

"నువ్వేమన్నవవ్వా?"

"తిట్టిన. నోటికొచ్చినట్టు తిట్టిన. చీపిరి లేపిన. ఊకున్నడు. మల్ల నెలకు అంగిల కుక్కపిల్లను వెట్టుకొని వచ్చిండు. గిదే." నల్లకుక్క వీపు మీద తట్టింది. అది ముసలిదైపోయింది, మూతి దగ్గర తెల్లవెంట్రుకలు. "నిన్ను గూడ తిట్టాలని మీ కాడికి వచ్చిన ఒకపారి. నువ్వు దవాఖాన మెట్ల మీద కూసోని సీసల మీది అచ్చరాలు సదువుతున్నవ్, సిన్నపోరి లెక్క. తిట్టబుద్ది కాలే."

నేను నేల మీద కూర్చున్నాను. ఆమె చెంబు కడిగి, మేకను పిలిచి, పాలు పిండింది. తడుముకుంటూ వచ్చి నా చేతికిచ్చింది.

నాకు తెలియకుండానే ఆ చెంబును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను. అంచు తళతళ మెరుస్తోంది.

"ఏం జూస్తున్నవే? బూడిదతోనే తోమిన" అంది ఎల్లవ్వ. "తాగు."

తాగాను.